గ్రాఫు పెద్దది కావాలి, పక్కకు జరగకూడదు

ఫోన్‌లో ఒక గ్రాఫును రెండు వేళ్ళతో పెద్దది చేసి చూడండి. పెద్దదవుతుంది, దాంతోపాటే ఓ పక్కకు జారుతుంది. చూడాలనుకున్న బిందువు తెర అంచుకు పోతుంది. మళ్ళీ వేళ్ళు ఆడిస్తే అంచు దాటిపోతుంది. ఇక మిగిలేది ఖాళీ గళ్ళ కాగితం. వక్రం ఎటు పోయిందో, దాన్ని వెనక్కి తేవడానికి పైకి లాగాలో కిందికి లాగాలో తెలియదు. తరగతి గదిలో పిల్లలందరూ ఒకేసారి ఈ పని చేస్తుంటే కాసేపటికి ఒక్కొక్కరి తెర మీద ఒక్కో బొమ్మ ఉంటుంది. టీచరు "ఇప్పుడు ఈ బిందువు దగ్గర చూడండి" అంటే, ఆ బిందువు కొందరి దగ్గర ఉండనే ఉండదు.

చాలామంది ఇది తమ చేతి తప్పనుకుంటారు. కాదు. పెద్దది చేయమనడం ఒక కోరిక, పక్కకు జరపమనడం వేరే కోరిక. సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ ఒకే చేతి కదలికకు కట్టేసింది. ఆ ముడి ఎక్కడ పడిందో, ఎలా విప్పాలో నెమ్మదిగా చూద్దాం. విప్పడానికి గొప్ప ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. గ్రాఫు తయారుచేసేవాళ్ళు ఒక్క సంగతి ముందే తేల్చుకోవాలి: జూమ్ చేసేటప్పుడు ఏ బిందువు కదలకుండా ఉండాలి?

ముందు చిన్న లెక్క. తెర మీద ఎక్స్ అక్షం మైనస్ 10 నుంచి 10 దాకా కనిపిస్తోందనుకోండి. మూలబిందువు, అంటే సున్నా, సరిగ్గా మధ్యలో ఉంది. ఇప్పుడు రెండు రెట్లు పెద్దది చేయాలి. తెర మధ్య భాగాన్ని కదలనివ్వకుండా పెద్దది చేస్తే మైనస్ 5 నుంచి 5 దాకా కనిపిస్తుంది. సున్నా తన చోటే ఉంటుంది. మనం మామూలుగా ఊహించుకునే జూమ్ ఇదే.

కానీ మౌస్ బాణం 8 అంకె మీద ఉండగా చక్రం తిప్పామనుకుందాం. చాలా గ్రాఫు సాఫ్ట్‌వేర్లలో అప్పుడు కదలకుండా నిలిచేది తెర మధ్య భాగం కాదు, బాణం కింద ఉన్న చోటు. 8 నుంచి ఎడమ అంచు 18 ప్రమాణాల దూరంలో ఉంది; రెండు రెట్ల జూమ్‌లో అది 9 అవుతుంది. కుడి అంచు 2 ప్రమాణాల దూరంలో ఉంది; అది 1 అవుతుంది. కాబట్టి కొత్త తెర మైనస్ 1 నుంచి 9 దాకా చూపిస్తుంది. నడిమధ్య ఉన్న సున్నా ఎడమ అంచు దగ్గరికి, తెర వెడల్పులో పదో వంతు దూరానికి వచ్చేసింది. బాణాన్ని కదపకుండా ఇంకోసారి తిప్పితే తెర 3.5 నుంచి 8.5 దాకా చూపిస్తుంది. సున్నా పోయింది. ఇక్కడ ఎవరూ గ్రాఫును లాగలేదు, చెయ్యి జారలేదు. జూమ్ మాత్రమే చేశారు.

ఒక రబ్బరు తాను మీద గ్రాఫు గీసి, గుండుసూదితో ఒకచోట బల్లకు గుచ్చి, నాలుగు వైపులా సమానంగా సాగదీస్తున్నామని ఊహించుకోండి. సూది గుచ్చిన చోటు కదలదు. మిగతా ప్రతి చోటూ సూది నుంచి దూరంగా పోతుంది, దూరంగా ఉన్నది మరింత దూరం పోతుంది. ప్రతి జూమ్‌లోనూ ఎక్కడో ఒకచోట ఆ సూది ఉంటుంది. సూది లేని జూమ్ లేదు. దాన్ని ఎక్కడ గుచ్చాలో గ్రాఫు చేసినవాళ్ళు చెప్పకపోతే, బాణం ఎక్కడుంటే అక్కడ, వేళ్ళు ఎక్కడ పడితే అక్కడ సాఫ్ట్‌వేరే గుచ్చుతుంది.

సూది మిల్లీమీటరు పక్కన పడితే ఏమవుతుందంటారా? మొదటి రెట్టింపుకు చూడాల్సిన బిందువు దాన్నుంచి 2 మిల్లీమీటర్ల దూరానికి, తర్వాత 4, 8, 16 మిల్లీమీటర్ల దూరానికి పోతుంది. ఏడో రెట్టింపుకు 128 మిల్లీమీటర్లు. మామూలు ఫోన్ వెడల్పు దాటిపోయింది. ఇరవై సార్లు రెట్టింపు చేస్తే దూరం పది లక్షల రెట్లకు పైగా పెరుగుతుంది, అంటే కిలోమీటరు దాటుతుంది. అందుకే లోతుగా జూమ్ చేసేవాళ్ళు రెండు మెట్లకోసారి ఆగి, గ్రాఫును మధ్యకు లాక్కుని, మళ్ళీ జూమ్ చేస్తుంటారు. ఎంత స్థిరమైన చెయ్యి అయినా ఈ అవస్థను తప్పించలేదు. మిల్లీమీటరు కన్నా సన్నంగా గురిపెట్టడం వేలితో అయ్యే పని కాదు.

వేళ్ళ సంగతి ఇంకొంచెం చిక్కు. రెండు వేళ్ళతో జూమ్ చేసేటప్పుడు సాధారణంగా బొటనవేలు ఉన్నచోటే ఉంటుంది, చూపుడువేలు దూరం జరుగుతుంది. మొదట వేళ్ళ మధ్య ఒక సెంటీమీటరు ఎడం ఉండి, చివరికి 5 సెంటీమీటర్లయితే జూమ్ అయిదు రెట్లు. కానీ వేళ్ళ నడిమి బిందువు బొటనవేలి నుంచి అర సెంటీమీటరు దూరంలో మొదలై రెండున్నర సెంటీమీటర్ల దూరానికి పోయింది. గ్రాఫు రెండు వేళ్ళకూ అంటుకుని కదులుతుంది కాబట్టి, మనం పెద్దది చేయాలనుకుని వేళ్ళ మధ్య పెట్టుకున్న బిందువు 2 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఈ పనిలో నిజంగా కదలనిది బొటనవేలి కింద ఉన్న చోటు. బొటనవేలు కప్పేయడం వల్ల మనకు అది కనిపించదు కూడా.

ఇంత అసౌకర్యమైతే ఇలా ఎందుకు చేశారు? పటాల కోసం చేశారు, అక్కడ అది సరైనదే. చక్రమున్న మౌస్ 1996లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్‌తో జనసామాన్యానికి చేరింది. అప్పుడు చక్రం పని పేజీని పైకీ కిందికీ జరపడం. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక పటాన్ని మౌస్‌తో పట్టుకుని లాగడం, చక్రంతో పెద్దది చేయడం అందరికీ అలవాటయ్యాయి. 2007లో ఐఫోన్ రెండు వేళ్ళ జూమ్‌ను చేతుల్లోకి తెచ్చింది. పటంలో విజయవాడ మీద బాణం పెట్టి చక్రం తిప్పితే విజయవాడ దగ్గరికి రావాలి, అదే కావాలి మనకు. కొంచెం పక్కకు జరిగినా మంగళగిరో ఇబ్రహీంపట్నమో కనిపిస్తుంది. పేరు చదివి ఎటు వచ్చామో తెలుసుకుని వెనక్కి పోతాం.

గ్రాఫు అలాంటిది కాదు. వక్రానికి దూరంగా పోతే అన్ని వైపులా ఒకేలాంటి గళ్ళు. ఊరి పేర్లుండవు, నదులుండవు. అక్షాలు కూడా తెర దాటిపోతే అంకెలను చదివి దిక్కు తేల్చుకోవాలి, అది అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు కష్టం. పటంలో పుట్టిన అలవాటును గ్రాఫులోకి యథాతథంగా తేవడమే ఈ చిక్కుకు మూలమని నా అభిప్రాయం. అంతకుముందు ఇది ఇలా లేదు. గ్రాఫు గీసే తొలి చేతి కాలిక్యులేటర్‌గా పేరున్న కాసియో ఎఫ్‌ఎక్స్-7000జి 1985లో వచ్చింది. 1990లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-81 తెచ్చింది. ఆ టీఐ-81లో జూమ్‌కు ఒక మీట, కర్సరును జరపడానికి బాణపు మీటలు. తెర చిన్నది, గీత ముతక. అయినా పెద్దది చేయడం, పక్కకు జరపడం వేర్వేరు మీటల మీద ఉండేవి.

గణిత పాఠంలో ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే అవకలనం దగ్గరికి వెళ్ళాలి. మన ఇంటర్ విద్యార్థులు అవధి, అవకలజం, స్పర్శరేఖ అన్న మాటలను వరసగా నేర్చుకుంటారు. స్పర్శరేఖ వాలు అంటే ఏమిటో సూత్రంతో చెప్పడం ఒక పద్ధతి. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో గణిత బోధనపై పరిశోధన చేసిన డేవిడ్ టాల్ 1980లలోనే ఇంకో దారి చూపించారు: వక్రం మీద ఒక బిందువు దగ్గర జూమ్ చేస్తూ పొండి, వక్రం క్రమంగా సరళరేఖలా కనిపిస్తుంది, ఆ రేఖ వాలే అక్కడి అవకలజం. అప్పటి బడి కంప్యూటర్ల కోసం ఆయన స్వయంగా గ్రాఫిక్ కాల్కులస్ అనే ప్రోగ్రాము తయారుచేశారు.

ఎక్స్ వర్గం గ్రాఫు మీద ఎక్స్ 1, వై 1 ఉన్న బిందువు తీసుకోండి. రెండు అక్షాల మీదా 20 ప్రమాణాలు చూపించే చదరపు కిటికీతో మొదలుపెట్టి వెయ్యి రెట్లు పెద్దది చేస్తే, కిటికీలో 0.02 ప్రమాణాలే కనిపిస్తాయి. అక్కడ వక్రానికీ, 2 వాలు ఉన్న స్పర్శరేఖకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో లెక్కేస్తే, కిటికీ పైఅంచు దగ్గర కూడా అది 0.000025 ప్రమాణాలే. 10 సెంటీమీటర్ల తెర మీద మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కంటికి ఆ రెండు గీతలూ ఒకటే. ఎక్స్ పరమ విలువ గ్రాఫును సున్నా దగ్గర ఇలాగే పెద్దది చేస్తే మూల ఎప్పటికీ మూలగానే ఉంటుంది, ఎన్ని లక్షల రెట్లు చేసినా సాఫుగా అవదు. ఒకదానికి అక్కడ అవకలజం ఉంది, రెండోదానికి లేదు. ఈ తేడాను పిల్లలు తమ కళ్ళతో చూడగలరు, కానీ ఆ బిందువు తెర మీద ఉన్నచోటే ఉంటేనే. వెయ్యి రెట్లు వెళ్ళేలోగా అది నాలుగుసార్లు పారిపోయి, నాలుగుసార్లు వెతికి తెచ్చుకోవాల్సి వస్తే పిల్లల ధ్యాస వెతకడం మీదే ఉంటుంది, వక్రం సరళమవడం మీద ఉండదు.

ఈ బాధ పడలేక చాలామంది ఉపాధ్యాయులు గ్రాఫుకు పూర్తిగా తాళం వేస్తారు. గ్రాఫులు గీసే డెస్మోస్ సాఫ్ట్‌వేర్‌లో లాక్ వ్యూపోర్ట్ అనే అమరిక ఉంది. దాన్ని ఎంచుకుంటే చూసేవాళ్ళు గ్రాఫును జరపలేరు, జూమూ చేయలేరు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన జియోజీబ్రాలోనూ ఇంతే. దాన్ని వెబ్ పేజీలో పెట్టేటప్పుడు ఎనేబుల్ షిఫ్ట్ డ్రాగ్ జూమ్ అనే అమరికను ఆపేస్తే జరపడం, చక్రంతో జూమ్ చేయడం రెండూ కలిసి ఆగిపోతాయి. ఆ అమరిక పేరులోనే లాగడమూ జూమూ జంటగా ఉన్నాయి. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని ఆపడానికి అందులో వీల్లేదు.

పూర్తి తాళం వేస్తే ఏం పోతుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఎక్స్ వర్గం, 2 ఘాతం ఎక్స్ అన్న రెండు ప్రమేయాల గ్రాఫులను ఒకే కాగితం మీద గీయండి. అవి ఎన్నిచోట్ల ఖండించుకుంటాయి? రెండు అక్షాల మీదా మైనస్ 10 నుంచి 10 దాకా చూపించే కిటికీలో రెండు ఖండన బిందువులే కనిపిస్తాయి: ఎక్స్ 2 దగ్గర ఒకటి, సున్నాకు ఎడమవైపు ఒకటి. మూడోది ఎక్స్ 4 దగ్గర ఉంది, కానీ అక్కడ వై 16. అది కిటికీ బయట ఉంది. దాన్ని చూడాలంటే గ్రాఫును చిన్నది చేయాలి. చిన్నది చేసి వై వంద దాకా చూపిస్తే, 2కూ 4కూ మధ్య రెండు వక్రాలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు కనిపిస్తాయి. ఎక్స్ 3 దగ్గర ఒకటి 9, ఇంకోటి 8, తేడా ఒక్క ప్రమాణమే మరి. అక్కడ ఖండనలు రెండే ఉన్నాయా, పొడవునా కలిసిపోయాయా అన్నది తేల్చడానికి మళ్ళీ పెద్దది చేయాలి. జూమ్ లేని గ్రాఫు ఈ ప్రశ్నకు తప్పు జవాబే చెబుతుంది. అందుకని నేను తాళం పక్షాన లేను. జూమ్ తెరిచి ఉంచి, జరపడాన్ని మాత్రం ఆపాలి.

జియోజీబ్రాలో దీనికి తేలికైన దారి ఉంది. పైన చెప్పిన అమరికతో చేతి జూమ్, లాగడం రెండూ ఆపేయండి. తర్వాత గ్రాఫు పక్కన రెండు బటన్లు పెట్టండి, ఒకటి పెద్దది చేయడానికి, ఒకటి చిన్నది చేయడానికి. బటన్ నొక్కినప్పుడు జరగాల్సిన పనిగా జూమ్ ఇన్ ఆదేశం రాయాలి. ఆ ఆదేశానికి రెండు విలువలు ఇవ్వొచ్చు: ఎన్ని రెట్లు, ఏ బిందువు కేంద్రంగా. రెండో విలువ రాయకుండా వదిలేస్తే తెర మధ్య భాగం కేంద్రమవుతుంది. అక్కడ మీ పాఠానికి కావలసిన బిందువు పేరు రాస్తే గుండుసూది దాని మీదే పడుతుంది, చూసేవాళ్ళ వేలు ఎక్కడున్నా సరే. జూమ్ అవుట్‌కూ ఇదే పద్ధతి. రెండు ఆదేశాలు, ఒక బిందువు పేరు, అంతే పని. ఈ చిన్న విషయం తెలియక ఎందరో ఉపాధ్యాయులు తాళమో గందరగోళమో ఎంచుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

ఇలా చేస్తే ఇంకో మేలూ ఉంది. పాఠంలో పిల్లలు వేలితో జరపాల్సిన బిందువు ఒకటి ఉంటుంది కదా, వక్రం వెంట కదిలే బిందువు. దాన్ని పట్టుకోబోయి వేలు నాలుగు మిల్లీమీటర్లు పక్కన పడితే, తాళం లేని గ్రాఫులో మొత్తం కాగితమే చేతికొస్తుంది. అనుకోకుండా గ్రాఫు కదిలిపోయే సందర్భాల్లో ఇది చాలా తరచుగా ఎదురయ్యేది. కాగితం కదలకుండా ఉంటే గురి తప్పిన వేలు ఏమీ చెడగొట్టదు. మళ్ళీ ప్రయత్నిస్తారు, బిందువు దొరుకుతుంది.

ప్రోగ్రాము రాసుకునేవాళ్ళకు ఇంకా వెసులుబాటు ఉంది. జావాస్క్రిప్ట్‌లో గ్రాఫులు గీయడానికి బాగా వాడే డీ3 లైబ్రరీ తెర స్థితిని మూడు అంకెలుగా దాచుకుంటుంది: ఎన్ని రెట్లు, అడ్డంగా ఎంత జరిగింది, నిలువుగా ఎంత జరిగింది. మౌస్ నొక్కి లాగడాన్ని వడపోసి చక్రాన్ని మాత్రం లోపలికి రానివ్వమని అందులో చెప్పొచ్చు. అపాచీ ఈచార్ట్స్‌లో చక్రంతో జూమ్‌కు ఒక అమరిక, మౌస్‌తో జరపడానికి వేరే అమరిక ఉన్నాయి. రెండోదాన్ని ఆపేస్తే సరిపోతుంది. పటాల కోసం వొలొదిమిర్ అగాఫోన్కిన్ రాసిన లీఫ్‌లెట్‌లో చక్రపు జూమ్‌కు అవును, కాదు అన్న జవాబులతో పాటు 'సెంటర్' అనే మూడో జవాబు కూడా ఉంది. అది ఇస్తే బాణం ఎక్కడున్నా తెర మధ్య భాగమే నిలిచి ఉంటుంది. రెండు వేళ్ళ జూమ్‌కూ అదే జవాబు ఇవ్వొచ్చు. లాగడం ఆపేసినా జూమ్ బాణాన్ని పట్టుకునే జరిగితే గ్రాఫు ఇంకా పారిపోతూనే ఉంటుందని దీన్ని రాసినవాళ్ళు గమనించారన్నమాట. చాలామంది ప్రోగ్రామర్లు ఆగిపోయేది ఇక్కడే. లాగడాన్ని ఆపి పని అయిపోయిందనుకుంటారు, కదలని బిందువు సంగతి పట్టించుకోరు.

రెండు వేళ్ళ జూమ్‌ను స్వయంగా రాసుకోవాల్సి వస్తే, రెండు వేళ్ళ మధ్య దూరం ఎన్ని రెట్లు పెరిగిందో అదొక్కటే లెక్కలోకి తీసుకోవాలి. వేళ్ళ నడిమి బిందువు ఎటు జరిగిందన్నది వదిలేయాలి. దీనికి మూల్యం కొంత ఉంది: గ్రాఫు వేళ్ళకు అతుక్కుని కదలదు కాబట్టి వేలి కింద ఉన్న గీత జారిపోతున్నట్టు అనిపిస్తుంది. కదలని బిందువు వేళ్ళకు దూరంగా ఉంటే ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మధ్యేమార్గం ఒకటుంది. వేళ్ళు మొదట తాకినప్పటి నడిమి బిందువుకు దగ్గర్లో పాఠానికి ముఖ్యమైన బిందువు ఏదైనా ఉంటే సూదిని దాని మీదికి లాక్కోవడం, లేకపోతే తెర మధ్య భాగాన్నే తీసుకోవడం. నాకు బటన్లే ఇష్టం. ఎన్నిసార్లు నొక్కారో అన్ని రెట్టింపులు, టీచరు "మూడుసార్లు నొక్కండి" అంటే అందరి తెరల మీదా ఒకే బొమ్మ.

బటన్లు ఉండాలనడానికి ఇంకా బలమైన కారణం ఉంది. రెండు వేళ్ళు ఒకేసారి ఆడించలేనివాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు, ఒంటి చేత్తో ఫోన్ పట్టుకునేవాళ్ళు మనలో ఉన్నారు. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం రూపొందించిన మార్గదర్శకాల 2018 నాటి 2.1 కూర్పు ప్రకారం, ఒకటికి మించి వేళ్ళతో చేసే పనికి ఒకే వేలితో చేసే దారి కూడా ఉండాలి. 2023లో వచ్చిన 2.2 కూర్పు, లాగి చేసే పనికి లాగకుండా చేసే దారి చూపమంటుంది. నొక్కాల్సిన బటన్ కనీసం 24 పిక్సెళ్ళ పొడవు వెడల్పులు ఉండాలంటుంది. వేలికి 24 ఇరుకే, 40కి పైన ఉంటే మేలు.

పొడవైన పాఠం మధ్యలో గ్రాఫు ఉన్నప్పుడు మరో చిక్కు వస్తుంది. చదువుతూ బొటనవేలితో పేజీని పైకి నెడుతుంటారు, వేలు గ్రాఫు మీద పడగానే పేజీ ఆగిపోయి గ్రాఫు కదులుతుంది. కంప్యూటర్లో చక్రం తిప్పుతూ వస్తుంటే గ్రాఫు దగ్గర అది ఉన్నట్టుండి పెద్దదో చిన్నదో అవుతుంది. పేజీల మధ్య పెట్టిన పటాలకు గూగుల్ దీనికో పరిష్కారం ఇచ్చింది. ఒక వేలు పేజీది, రెండు వేళ్ళు పటానివి. కంప్యూటర్లో కంట్రోల్ మీట నొక్కి చక్రం తిప్పితేనే పటం పెద్దదవుతుంది, ఉత్త చక్రం పేజీది. ఎవరైనా ఒక వేలితో లాగితే పటం మీద చిన్న సూచన కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళు విడదీస్తే క్రోమ్ లాంటి బ్రౌజర్లు దాన్ని కంట్రోల్ మీటతో చక్రం తిప్పినట్టే పేజీకి చెబుతాయి కాబట్టి, ఈ ఒక్క నియమం రెండింటికీ సరిపోతుంది.

గ్రాఫులకూ ఇది చక్కగా నప్పుతుంది. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో టచ్ యాక్షన్ అనే లక్షణం ఉంది. నిలువుగా జరిపే పని బ్రౌజరుకు వదిలి మిగతా వేళ్ళ పనులు గ్రాఫుకు ఇవ్వమని అందులో ఒక్క పంక్తిలో రాయొచ్చు. అప్పుడు ఒక వేలితో పైకి నెడితే పేజీ ముందుకు సాగుతుంది, రెండు వేళ్ళు పెడితే గ్రాఫు పెద్దదవుతుంది. ఏ వేలి పనినీ బ్రౌజరుకు వదలకుండా అన్నీ గ్రాఫే లాక్కునేలా రాయడం మాత్రం తప్పు. చిన్న ఫోన్లో తెరంతా గ్రాఫే నిండితే చదువరి దాన్ని దాటి కిందికి పోలేక అక్కడే చిక్కుకుంటారు.

జరపడం ఎప్పుడూ చెడ్డదని నేననడం లేదు. నాగార్జునసాగర్ జలాశయంలో రోజువారీ నీటిమట్టాన్ని చూపే గ్రాఫు ఒకటి ఊహించండి. అడ్డంగా తేదీలు, నిలువుగా అడుగులు. అక్కడ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. పాఠకులు చూడాలనుకునేది ఆ గీతకు నీరు ఎంత దగ్గరగా వచ్చిందన్నదే. ఇలాంటి గ్రాఫులో తేదీల వైపు మాత్రమే జూమ్ కావాలి. నిలువు అక్షం కదిలిందంటే 590 గీత పైకో కిందికో జారుతుంది, అరకొర నీరు నిండుగా కనిపించవచ్చు. కానీ జులై నెలను పెద్దది చేసి చూస్తున్నవాళ్ళు ఆగస్టుకు పోవాలంటే పక్కకు జరపక తప్పదు. కాబట్టి ఇక్కడ అడ్డంగా జరపనివ్వాలి, అదీ లెక్కలున్న మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్యనే. ఆ హద్దు దాటి ఖాళీలోకి పోనివ్వకూడదు. గ్రాఫులు గీసే ప్లాట్లీ లైబ్రరీలో ఒక అక్షాన్ని స్థిరంగా ఉంచే అమరిక ఉంది, డీ3లో జరిపే హద్దులు చెప్పే వీలుంది. గణిత వక్రాలకు మాత్రం ఒక్క అక్షాన్నే సాగదీయకండి. వృత్తం కోడిగుడ్డులా కనిపిస్తుంది, 45 డిగ్రీల గీత నిటారుగా నిలబడుతుంది, కంటితో చూసిన వాలుకు అర్థం ఉండదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా ఎవరో ఒకరు దారి తప్పుతారు. వాళ్ళ కోసం మొదటి స్థితికి తెచ్చే బటన్ ఒకటి ఎప్పుడూ కనిపించేలా ఉండాలి. ఇల్లు గుర్తుతో ఉండే ఆ బటన్‌ను జాగా లేదని తీసేస్తుంటారు. నేనైతే మిగతావన్నీ తీసేసినా దాన్ని ఉంచుతాను. ఎన్ని రెట్లు పెద్దదయిందో చూపే అంకె కూడా పక్కన ఉండాలి. కదలని బిందువు మీద జూమ్ చేసినప్పుడు బొమ్మ అక్కడే ఉండి అక్షాల అంకెలు మాత్రం మారతాయి. రెట్లు రాసి లేకపోతే వక్రమే మారిపోయిందని కొందరు పిల్లలు అనుకుంటారు.

పైహద్దూ అవసరమే. కంప్యూటర్లు ఇలాంటి లెక్కలకు సాధారణంగా వాడే అంకెల్లో 15, 16 స్థానాల దాకానే ఖచ్చితత్వం ఉంటుంది. ఆ హద్దు దగ్గరికి పోయేదాకా జూమ్ చేస్తే నునుపైన వక్రం మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంది. అది వక్రం గుణం కాదు, అంకెలు అయిపోవడం. వక్రం ఎంత పెద్దది చేసినా సరళరేఖ అవుతుందని చెప్పే పాఠంలో చివరికి మెట్లు కనిపిస్తే పిల్లలు తప్పుడు సంగతే నేర్చుకుంటారు. పది లక్షల రెట్ల దగ్గర ఆపితే చాలు.

ఆ పది లక్షల రెట్లు ఎందుకు పనికొస్తాయో చూడటానికి రెండు వక్రాల దగ్గరికే మళ్ళీ వెళ్దాం. ఎక్స్ వర్గమూ 2 ఘాతం ఎక్సూ ఖండించుకునే మూడు బిందువుల్లో 2, 4 సులభంగా దొరికేవి. సున్నాకు ఎడమవైపు ఉన్నదాని విలువ సుమారు మైనస్ 0.7667. కాలిక్యులేటర్ మీద నాలుగు స్థానాల దాకా చూసినవాళ్ళకు అది మైనస్ 0.76666 అని ఆరులు ఆగకుండా సాగే అంకె అనీ, అంటే మైనస్ 23 బై 30 అనీ అనిపిస్తుంది. నిజమో కాదో గ్రాఫు మీదే చూడొచ్చు. జియోజీబ్రాలో రెండు ప్రమేయాలూ రాసి, ఇంటర్‌సెక్ట్ ఆదేశానికి మైనస్ 1, సున్నా అనే రెండు హద్దులిచ్చి ఆ బిందువును పట్టుకోండి. మైనస్ 23 బై 30 దగ్గర ఒక నిలువు గీత గీయండి. జూమ్ బటన్‌కు రెండు రెట్లు, ఈ ఖండన బిందువు అని రాయండి. మొదట గీత, బిందువు ఒకటే. పదిసార్లు నొక్కండి, ఇంకా ఒకటే. పన్నెండు, పదిహేను. గీత కొంచెం ఎడమకు తప్పుకోవడం మొదలవుతుంది. 20 ప్రమాణాల కిటికీతో మొదలుపెట్టి ఇరవై సార్లు నొక్కేసరికి, 10 సెంటీమీటర్ల తెర మీద గీతకూ బిందువుకూ మధ్య సెంటీమీటరు ఎడం ఉంటుంది. అసలు విలువ మైనస్ 0.7666647కు దగ్గర, ఆరులు ఆరో స్థానంలో తెగిపోయాయి. ఆ ఇరవై నొక్కుల్లోనూ ఖండన బిందువు ఉన్నచోటు నుంచి కదలదు కాబట్టే గీత తప్పుకోవడం కనిపిస్తుంది.